వికీలో ఉండాదన్నా

కొట్లో ఈ రోజు కరెంటు పోలేదు, మిషను మొరాయించలేదు. అంత మామూలు రోజు. ఒక్క ఫ్లెక్సీ దగ్గరే మాటలు సాగాయి.

చంద్రగిరి అవతలి పల్లె నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాయకుడి పుట్టినరోజంట. మధ్యలో పెద్దాయన నిలువెత్తు ఫొటో, చుట్టూ కుర్రాళ్ల తలకాయలు, అంతా పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. కింద 'స్వాతంత్ర్య సమరయోధుల వంశం' అని లైను వెయ్యమన్నాడు. నిజమేనా అంటే, "ఏందన్నా అట్లడగతావు, వికీపీడియాలోనే ఉండాది గదా" అని ఫోన్ చేతికిచ్చాడు.

తెలుగు వికీలో పల్లెల పేజీలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇళ్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, బడి ఎక్కడుంది, ఆసుపత్రికి ఎంత దూరం. చదవడానికి చప్పగానే ఉంటాయి గానీ, పైసా జీతం లేకుండా కూర్చుని ఇన్ని వేల ఊళ్లను ఎక్కించినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. ఆ అంకెలన్నీ అయ్యాక 'ప్రముఖులు' అని ఉంది. కింద ఒకే ఒక్క పేరు. పేజీలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే 'చరిత్ర' నొక్కి చూశాను. ఆ పేరు చేరింది నిన్న రాత్రి పదకొండు దాటాక. మూలం లేదు. ఎవరు రాశారని నేను అడగలేదు, ఆ అబ్బాయి నవ్వులోనే తెలిసిపోయింది.

ఆ లైను లేకుండానే ఫ్లెక్సీ వేశాను. వాడు అలగనైనా లేదు. "పోనీలేన్నా, స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టేసినాంలే" అని డబ్బులిచ్చి వెళ్లాడు.

అసలు తంటా అంతా అక్కడే ఉంది. పేజీలో తప్పు రాస్తే ఎవరో ఒకరు చూసి తీసేస్తారు. స్క్రీన్‌షాట్‌ను ఎవరు తీస్తారు? 2022 సెప్టెంబరు 4న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆసియా కప్ మ్యాచ్‌లో అర్షదీప్ సింగ్ క్యాచ్ వదిలేసిన రాత్రి జరిగింది కూడా ఇదే. ఎవరో అతని వికీ పేజీలో దూరి ఖలిస్తాన్‌తో ముడిపెట్టి రాశారు. కాసేపట్లోనే దాన్ని సరిదిద్దేశారు, కానీ బొమ్మలు అప్పటికే ఫోన్లన్నీ చుట్టేశాయి. కేంద్ర ఐటీ శాఖ వికీపీడియా వాళ్లను పిలిచి సంజాయిషీ అడిగేదాకా పోయింది.

అది వేలమంది కళ్లున్న పేజీ కాబట్టి అంత త్వరగా దొరికింది. ఎవరూ తొంగిచూడని మూల పేజీ అయితే? గోవాలో 1640-41లో పోర్చుగీసు వాళ్లకూ మరాఠా సామ్రాజ్యానికీ 'బిచోలిం యుద్ధం' జరిగిందని 2007లో ఇంగ్లీషు వికీలో ఒకరు పెద్ద వ్యాసం రాశారు. అలాంటి యుద్ధమే లేదు. ఆ నాటికి శివాజీ ఇంకా చిన్నపిల్లాడు, మరాఠా సామ్రాజ్యం ఎక్కడిది! అయినా దానికి 'మంచి వ్యాసం' అన్న గుర్తింపు కూడా ఇచ్చి, 2012 డిసెంబరులో గానీ తీసెయ్యలేదు. అడుగున పుస్తకాల పేర్లు బారుగా ఉంటే చాలు, ఆ పుస్తకం ఉందా లేదా అని వెతికేవాళ్లు తక్కువ. ఇక మా అబ్బాయి ఊరి పేజీకి కాపలా ఎవరు?

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్న కూతురు స్కూల్ ప్రాజెక్టు ముందేసుకుని కూర్చుంది. తిరుమలకు వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించిన పల్లవ రాణి సామవై గురించి. "బాబాయ్, ఒకచోట 614 అని ఉంది, ఇంకోచోట 966 అని ఉంది, ఏది రాయాల?" మూడొందల యాభై ఏళ్ల తేడా! ఇక్కడ ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. శాసనంలో ఉన్నది ఫలానా రాజు ఏలుబడిలో 14వ ఏడు అని. ఆ రాజు ఎవరని లెక్కేస్తారో దాన్ని బట్టి ఏడాది మారుతుంది. రెండూ రాసి, ఏది ఎక్కడ చూశావో పక్కనే రాయమన్నాను. "మా మిస్ ఒకటే ఆన్సర్ ఉండాలంటుంది" అని మూతి ముడుచుకుంది.

సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు పరిష్కరించిన దేవస్థానం శాసనాల సంపుటాలు ఉన్నాయి కదా, శనివారం లైబ్రరీకి తీసుకెళ్లి అసలు పాఠం చూపిస్తానన్నాను. ప్రాజెక్టు ఇవ్వాల్సింది శుక్రవారమేనంట.