ఎల్డర్‌బెర్రీ సిరప్, ఎనిమిదో బ్యాచ్: మూత టుస్సుమనలేదు!

ఎల్డర్‌బెర్రీ అనే ముదురు ఊదారంగు చిన్న కాయల కషాయంలో తేనె కలిపి ఇంట్లో చేసే సిరప్ ఇది. ఎనిమిదో బ్యాచ్‌కి ఇవాళ 31వ రోజు. మూత తిప్పితే చప్పుడు లేదు. సీసా మెడ చుట్టూ ఊదారంగు బుడగల గొలుసు లేదు, పులిసిన వాసనా లేదు. నాలుగు, ఐదు, ఏడు ఒకదాని వెంట ఒకటి పులిసి సింకులో కలిశాక ఇదే పెద్ద పండగ. ఆరోది పులవలేదు, ఎందుకంటే అంతకాలం ఉంచలేదు. దాని కథ కింద ఉంది.

కషాయం మారలేదు: ఎండు ఎల్డర్‌బెర్రీలు 120 గ్రాములు, నీళ్లు 900 మి.లీ., అల్లం 15 గ్రాములు, దాల్చిన చెక్క ఒకటి, లవంగాలు ఐదు. మూత లేకుండా సన్నని సెగ మీద 45 నిమిషాలు. వడకట్టి పిప్పి పిండితే 440 మి.లీ. వస్తుంది. రంగు, వాసన మొదటి బ్యాచ్ నుంచీ బాగానే ఉన్నాయి.

గొడవంతా తేనె కలిపాకే.

నాలుగో బ్యాచ్‌లో అందరూ చెప్పే కొలతే వాడాను: కషాయం ఎంతో తేనె అంత. 16వ రోజున స్ప్రింగు మూత సీసా తీస్తే నురగ పైకప్పు దాకా ఎగిరింది. అప్పుడు నింద సీసా మీద వేశాను. ఐదోసారి సీసాలు పది నిమిషాలు మరిగించి, అదే కషాయాన్ని రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో 40 డిగ్రీల దగ్గర పచ్చి తేనె కలిపాను. రెండోదాన్ని తేనెతో సహా 75 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచాను. మొదటిది 19వ రోజున, రెండోది 34వ రోజున పులిసింది. కాబట్టి తేనెలోని ఈస్ట్ ఒక కారణమే, వేడి దాన్ని ఆలస్యం చేసింది. కానీ రోజూ చెంచా ముంచే సీసాలోకి ఈస్ట్ మళ్లీ చేరుతూనే ఉంటుంది. అసలు కారణం ఇంకోటి ఉండాలి.

అప్పుడు బ్రిక్స్ (నూరు గ్రాముల్లో కరిగిన చక్కెర ఎన్ని గ్రాములో చెప్పే కొలత) చూద్దామని కూర్చుంటే పరికరమే అడ్డం తిరిగింది. పండ్లరసాలకు వాడే రిఫ్రాక్టోమీటర్ 0 నుంచి 32 దాకా చదువుతుంది, తేనెది 58 నుంచి 90 దాకా. ఈ సిరప్ సరిగ్గా ఆ రెంటి మధ్య సందులో పడింది. అద్దంలోంచి చూస్తే ఒకదాంట్లో పూర్తిగా తెలుపు, ఇంకోదాంట్లో పూర్తిగా నీలం. దీనికి చిట్కా ఉంది: సిరప్ 10 గ్రాములు, నీళ్లు 10 గ్రాములు తూచి కలిపి, 0-32 దాంట్లో చదివి రెట్టింపు చేయాలి. తూకమే వేయాలి, మి.లీ.లలో కొలిస్తే లెక్క తప్పుతుంది. చుక్క వేశాక అర నిమిషం ఆగండి, వేడి చుక్క అబద్ధం చెబుతుంది. 25.5 చూపించింది, అంటే 51.

తర్వాత కాగితం మీద వేసిన లెక్కా అదే చెప్పింది. కషాయం 440 మి.లీ. అంటే దాదాపు 455 గ్రాములు, 9 బ్రిక్స్, అందులో కరిగినది 41 గ్రాములు. తేనె 440 మి.లీ. అంటే 625 గ్రాములు, 82 బ్రిక్స్, కరిగినది 512. మొత్తం 1080 గ్రాముల్లో 553. మిగిలిన 49 శాతం నీళ్లే! తేనెలోనే నీరు 20 శాతం దాటితే పులిసే ప్రమాదం మొదలవుతుంది. తేనె ఉంది కదా, నిల్వ ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో ఆ కాగితమే చెప్పింది.

తేనె రెట్టింపు చేస్తే సుమారు 62కి వస్తుంది గానీ నోట్లో పెట్టుకోలేనంత తీపి, బెర్రీ రుచి మాయం. అంతకంటే నీళ్లు తగ్గించడమే మేలు. కషాయాన్ని 220 మి.లీ.కి ఇగరబెడితే అదే తేనెతో 64 వస్తుంది. ఖర్చు పెరగదు, తీసేది నీళ్లే.

ఆరో బ్యాచ్‌లో చేసిన తప్పు ఇది: పిప్పి, దాల్చిన చెక్క లోపలే ఉంచి 220 దాకా మరిగించాను. నాలుక పీక్కుపోయేంత వగరు, చెక్క నుంచి దిగిన జిగురు వేరే. గరిటె ఎత్తితే తీగలు సాగాయి. మొత్తం పారబోశాను. దాల్చిన పొడి వేస్తే ఈ జిగురు ఇంకా ఎక్కువ, పొడి జోలికి వెళ్లకండి. ముందు వడకట్టాలి, తర్వాత వెడల్పాటి గిన్నెలో ఇగరబెట్టాలి. 25 నిమిషాలు చాలు.

ఏడోది అలాగే చేశాను. ఫ్రిజ్‌లో చోటు కూడా మార్చాను: తలుపు అరలో థర్మామీటర్ 9 డిగ్రీలు చూపించింది, వెనక కింది అరలో 4. అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుంటే 23వ రోజున పైన సన్నని నురగ. పైన మాత్రమే! కింద సగం నిక్షేపంలా ఉంది. సిరంజికి సన్నని గొట్టం తగిలించి పైనుంచి ఒక నమూనా, అడుగు నుంచి ఒక నమూనా తీశాను. పైన 56, అడుగున 70. సగటున 64 ఉన్న సీసాలో ఈస్ట్‌కి పైన విడిగా కాపురం పెట్టించానన్నమాట. చల్లటి కషాయంలో చల్లటి తేనె పోసి నాలుగుసార్లు తిప్పితే అంతే, తేనె అడుగుకు దిగి కూర్చుంటుంది. ముదురు రంగులో ఆ పొరలు కంటికి కనబడవు.

ఎనిమిదోసారి తేనె సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, రెండూ 40 డిగ్రీలకు వచ్చాక విస్క్‌తో ఐదు నిమిషాలు కలిపాను. మర్నాడు పైన 64, అడుగున 64. ఇదే ఆ 31వ రోజు సీసా. 34 దాటితే గానీ పూర్తిగా నమ్మను, 60 దాటితే ఫార్ములా ఖాయం చేస్తాను. 64 అన్నా నీళ్లు ఇంకా 36 శాతం ఉన్నాయి కాబట్టి చోటు ఫ్రిజ్‌లోనే.

డిజిటల్ రిఫ్రాక్టోమీటర్ కొనేవాళ్లు ఒకటి గమనించండి. అటాగో పాల్-1 53 దాకానే చదువుతుంది, ఈ పనికి చాలదు. 85 దాకా వెళ్లే పాల్-ఆల్ఫా అయితే నీళ్లు కలపకుండా నేరుగా చూడొచ్చు. సీసాల్లో వెక్ జాడీలు నాకిష్టం: గాజు మూత, రబ్బరు రింగు. స్ప్రింగు మూత సీసాలు మాత్రం ఈ సిరప్‌కి వద్దు, గ్యాస్ పడితే బాంబే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు ముక్కలు. ఎల్డర్ కాయలు పచ్చివి తినకూడదు. ఆకుల్లో, కాడల్లో, గింజల్లో సయనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి, అందుకే బాగా మరిగించడం. 1983లో కాలిఫోర్నియాలో ఆకులు, కాడలతో కలిపి తీసిన పచ్చి రసం తాగి కొందరు ఆసుపత్రి పాలయ్యారు. పిప్పి పిండండి, మిక్సీలో వేసి గింజలు నలపకండి. తేనె ఉన్నది ఏడాదిలోపు పిల్లలకు పెట్టకూడదు. ఇక ఫ్లూ తగ్గుతుందా అంటే, 2004లో వచ్చిన నార్వే అధ్యయనంలో 60 మందిలో మేలు కనిపించింది, 2020లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 87 మందిలో కనబడలేదు. గొంతుకు హాయిగా ఉంటుంది. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే.

తర్వాత పిహెచ్ (ఆమ్లత్వం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సంగతి చూడాలి. కషాయం 4.3 దగ్గర ఉంది, 3.8కి దించాలని ఉంది. నిమ్మరసం 30 మి.లీ. పోస్తే దాదాపు రెండు బ్రిక్స్ పోతాయి, అందుకే సిట్రిక్ యాసిడ్ ఒక్కో గ్రాము చొప్పున వేసి చూస్తాను. పులవకుండా ఆపే పొటాషియం సోర్బేట్ పొడి పనిచేస్తుందని తెలుసు గానీ ఇందులో వేయడానికి మనసొప్పడం లేదు. ఎవరికైనా ఈ తూకాలు, కొలతలు విసుగనిపిస్తే, కషాయాన్ని తేనె లేకుండా ఐస్ ట్రేలో గడ్డకట్టించి, కావలసినప్పుడు ఒక గడ్డ కరిగించి తేనె కలుపుకోవడం అన్నిటికంటే సులువు. తొమ్మిదో బ్యాచ్‌లో సగం ఎల్డర్‌బెర్రీ, సగం ఎండు రోజ్‌హిప్ (గులాబీ మొక్క కాయలు). వాటి లోపలి సన్నని నూగు గొంతులో గుచ్చుకుంటుంది, మామూలు జల్లెడ ఆపలేదు. గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టి చూస్తాను, అక్కడా దిగితే కాఫీ ఫిల్టర్.