ఎలక్షన్ డ్యూటీకి పోయిన నా బండి

నిన్న సాయంత్రం డబ్బులు పడినాయి, పోలింగు అయిన మూడు నెలలకు. మెసేజ్ చూసి మా ఆవిడ "ఇంతేనా?" అంది.

నాది తుఫాన్ బండి, నడిపేదీ నేనే. 2024 మే 13న పోలింగైతే 9వ తేదీనే బైపాస్‌లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి ఆర్‌సీ తీసుకున్నాడు. తిరుపతికి బాడుగ ఒప్పుకున్నా, అడ్వాన్సు కూడా తీసుకున్నా సార్ అంటే వినలా. ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షనంట. ఇవ్వనంటే ఏడాది దాకా జైలు. ఆర్డరు రాతపూర్వకంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది, గట్టిగా అడిగితేనే కాగితం చేతికొచ్చింది. అభ్యర్థి ప్రచారానికి తిరిగే బండిని మాత్రం పోలింగు అయ్యేదాకా ముట్టుకోకూడదంట! చట్టం ఎవరికి చుట్టమో చూడండి.

పోలింగు నాడు ఏ ఇబ్బందీ లేదు. సిబ్బందిని, ఈవీఎంలను రాత్రి రెండింటికి చేర్చేశా.

నా పరువు పోయింది 11న. నన్ను ఒక అధికారికి వేశారు. మధ్యాహ్నం సార్ ఇంటికి రమ్మంటే రూట్లు చూడ్డానికేమో అనుకున్నా. మేడం, వాళ్ల అత్తగారు, ఇద్దరు పిల్లలు ఎక్కారు. ముందు అద్దానికి 'ఎలక్షన్ అర్జంట్' కాగితం, పోయింది ముప్పై కిలోమీటర్ల అవతల చీరల కొట్టుకు! మూడు గంటలు ఎండలో కూర్చోబెట్టి, "డ్రైవర్, సంచులు పట్టుకో" అన్నారు మేడం. రెండు చేతుల్లో సంచులతో మెట్లు దిగుతుంటే, నేను తిరుపతికి రాలేనన్న బాడుగ వాళ్లే ఎదురొచ్చారు.

"ఎలక్షన్ డ్యూటీ అంటివే అన్నా?"

ఏం చెప్పేది? తల దించుకొని పోయి బండెక్కినా.

సాయంత్రం బండి తిరిగిన లెక్క రాసే లాగ్ షీట్ పెడితే సార్ సంతకం చెయ్యలా. "ఈరోజు బండి ఎక్కడికీ పోలేదు కదయ్యా" అన్నారు. సంతకం లేని రోజుకు డబ్బులు రావని తర్వాత ఆఫీసులో గుమాస్తా తేల్చేశాడు. నాలుగుసార్లు తిరిగినా. అక్కడ గుమాస్తాను బతిమాలడం దండగ, అటెండరును పట్టుకుంటే ఫైలు ఎక్కడుందో చెబుతాడు.

నేనూ తక్కువోణ్ణి కాదు. ఎక్కేముందు, దిగాక మీటరు రీడింగు ఫోటోలు తీసిపెట్టుకున్నా. రెండో ఫోటోలో అద్దం అవతల చీరల కొట్టు బోర్డు కూడా పడింది. ఐదోసారి పోయి అది గుమాస్తాకు చూపించినా. ఆయన నవ్వలేదు. లాగ్ షీట్ తీసుకొని లోపలికి పోయి, అరగంటకు తెచ్చిచ్చాడు.

11వ తేదీకి ఎదురుగా సార్ సంతకం. పక్కన: రూట్ పరిశీలన, 62 కిలోమీటర్లు.