గడియ చప్పుడు

రాత్రి హాస్టల్ గేటు గడియ పడితే నేను ఇప్పటికీ ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఓ ఊరు, చిన్నప్పుడు తలుపు గడియ చప్పుడైందంటే నాన్న తాగొచ్చినట్టే, ఇంక అమ్మకి దెబ్బలే, నేను తమ్ముడి చెవులు రెండూ గట్టిగా మూసి జీడిపిక్కల బస్తాల వెనక నక్కేదాన్ని.

శ్రీకాకుళం వచ్చి డిగ్రీలో చేరాక అదంతా ఊర్లోనే వదిలేశాననుకున్నా, ఎక్కడ, లెక్చరర్ కాస్త గొంతు పెంచినా చేతులు చల్లబడిపోయేవి, ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు, దానికి పొగరన్నారు.

నా రూమ్మేట్‌ది పార్వతీపురం వైపు. ఓ రాత్రి నేనలా లేచి కూర్చుంటే తను లైటు వెయ్యలేదు, ఏటైనాదని అడగలేదు, దుప్పటి తెచ్చుకుని నా మంచం పక్కన కిందే పడుకుంది. "నానిక్కడే ఉన్నానే, తొంగో" అంది, అంతే. పొద్దున్న టిఫిన్ దగ్గర కూడా ఆ మాటెత్తలేదు. నెల తర్వాత నాగావళి వంతెన మీద నడుస్తుంటే నా అంతట నేనే మొత్తం చెప్పేశాను. అంతా విని "మరి తమ్ముడెలాగున్నాడే ఇప్పుడు?" అంది. నాకెప్పుడూ తట్టని ప్రశ్న అది.

అన్నీ తన మీదే వెయ్యలేం కదా, అందుకే 14416కి కూడా ఫోన్ చేశాను. టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడుకోడానికి 2022లో కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, మొదటిసారి నేను ఏడవడం తప్ప ఏం చెప్పలేకపోయినా పెట్టెయ్యలేదు.

చుట్టాలేమో "కష్టాలు పడ్డావు కాబట్టే గట్టిపడ్డావు" అంటారు, నాకది వింటే ఒళ్ళు మండుతుంది. దెబ్బ తిన్నాక మనిషి ఎదగడం గురించి టెడెస్కీ, కాల్హౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1996లో 21 అంశాలతో ఒక కొలత తయారుచేశారు, వాళ్ళు కూడా ఎదుగుదల దెబ్బ వల్ల కాదు, తర్వాత పడే పెనుగులాటలోంచి వస్తుందనే చెప్పారు. ఆ పెనుగులాటలో పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఈ సెమిస్టర్‌లో క్లాసులో చెయ్యెత్తి డౌట్ అడిగాను, అది ఆ దెబ్బల పుణ్యం అంటే ఒప్పుకోను.

తమ్ముడికి ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నా. మొన్న వాడే ఆ రోజుల మాటెత్తాడు, "అప్పా, నువ్వు చెవులు మూసినా నాకంతా వినబడీదే".

ఏం చెప్పాలో తెలీలేదు. ఫోన్ మాత్రం పెట్టలేదు, చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం.