45 డిగ్రీల ఎండలో రెడ్ లేజర్ డయోడ్ ఎంపిక

లేజర్ లైట్ షో ప్రొజెక్టర్ సొంతంగా కట్టుకునేవాళ్ళు కొత్త లేజర్ డయోడ్ (కరెంట్‌ని కిరణంగా మార్చే చిన్న భాగం) కనపడగానే ముందు అడిగేది "ఎన్ని వాట్లు?" అని. బెజవాడలోనో గుంటూరులోనో కూర్చుని అడగాల్సింది అది కాదు. "ఏ వేడి దగ్గర అన్ని వాట్లు?" అని అడగాలి. డేటాషీట్‌లో పెద్ద అక్షరాలతో వేసే పవర్, కేస్ (డయోడ్ లోహపు ఒళ్ళు) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మే నెలలో మేడ మీద గాలే 42, 43 డిగ్రీలుంటే, మూత వేసిన పెట్టెలో బేస్‌ప్లేట్ 50 దాటడానికి ఎంతోసేపు పట్టదు. బ్లూ, గ్రీన్ డయోడ్లు ఆ వేడిని కొంతవరకు ఓర్చుకుంటాయి. రెడ్ ఓర్చుకోదు. కాబట్టి డబ్బు, చోటు, చల్లదనం మూడూ ముందు రెడ్‌కి తీసిపెట్టి, మిగిలింది తక్కిన రెండింటికీ సర్దాలి.

638 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యం, అంటే రంగు కొలత) రెడ్ డయోడ్ అల్యూమినియం గాలియం ఇండియం ఫాస్ఫైడ్‌తో చేసింది. అందులో వెలుగు పుట్టే పొరలో ఎలక్ట్రాన్లను ఆపే గోడ ఎత్తు తక్కువ. వేడెక్కేకొద్దీ ఎలక్ట్రాన్లు ఆ గోడ దాటి కారిపోతాయి. లేజింగ్ (లేజర్ వెలుగు పుట్టడం) మొదలవడానికే ఎక్కువ కరెంట్ కావాల్సొస్తుంది, ఆపైన పెంచే ప్రతి మిల్లీఆంప్‌కీ వచ్చే వెలుగూ తగ్గుతుంది. పైగా రంగు కూడా జరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.2 నానోమీటర్లు. 20 డిగ్రీలు పెరిగితే 638 కాస్తా 642 అవుతుంది. నాలుగు నానోమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, ఆ ప్రాంతంలో కంటి సున్నితత్వం నిటారుగా పడిపోతుంది. మీటర్ మీద పవర్ ఏమీ తగ్గకపోయినా కంటికి కనపడే వెలుగు ఆరో వంతు పోతుంది. 650 నానోమీటర్ల డయోడ్లు చవగ్గా వస్తున్నాయని తీసుకోవద్దనేది ఇందుకే. అదే వెలుగు కనపడాలంటే 638తో పోలిస్తే దాదాపు 1.8 రెట్లు వాట్లు పోయాలి.

తెలుపు రావడానికి ఏది ఎంత కావాలో లెక్క చూద్దాం. 638, 520, 445 నానోమీటర్లతో పగటి తెలుపు కావాలంటే, గ్రీన్ 1 వాట్‌కి రెడ్ 1.43 వాట్లు, బ్లూ 0.57 వాట్లు. కూడితే సరిగ్గా 3 వాట్లు. ఇందులో గ్రీన్ ఇచ్చేది 485 ల్యూమెన్లు (కంటికి కనపడే వెలుగు కొలత), రెడ్ 187, బ్లూ 12 మాత్రమే. ఈ ఒక్క వరస గుర్తుంటే "5 వాట్ల ఆర్‌జీబీ" అని అమ్మే మూడు రంగుల పెట్టెల మర్మం తెలిసిపోతుంది. వాట్ ధర బ్లూలోనే తక్కువ. 3 వాట్లు బ్లూ, చెరొక వాట్ రెడ్, గ్రీన్ వేసి స్టిక్కర్ అంటిస్తారు. ఆ 3 వాట్ల బ్లూ కలిపేది 60 ల్యూమెన్లే. తెలుపు కోసం బ్లూని ఎలాగూ తగ్గించుకోవాల్సిందే.

ఇవి బయటికి వచ్చే వాట్లు. కిరణాన్ని తిన్నగా చేసే కొలిమేటర్ లెన్స్, మూడు రంగుల్ని ఒక్కటిగా కలిపే డైక్రోయిక్ అద్దాలు, కిరణాన్ని అటూ ఇటూ తిప్పే గాల్వో అద్దాలు, ముందు గ్లాసు అన్నీ కలిసి 15 నుంచి 20 శాతం తినేస్తాయి. 18 శాతం పోతుందనుకుంటే 3 వాట్లు రావడానికి డయోడ్ దగ్గర రెడ్ 1.75, గ్రీన్ 1.22, బ్లూ 0.7 వాట్లు ఉండాలి. నిచియా ఎన్‌డీజీ 7475 గ్రీన్ డయోడ్ రేటింగ్ 1 వాట్. దాన్ని 1.22కి గుంజడం కంటే గ్రీన్‌ని 1 వాట్ దగ్గరే ఆపి, మొత్తం పెట్టెని 2.5 వాట్లకు దించుకోవడం మేలు. అప్పుడు డయోడ్ దగ్గర రెడ్ 1.43 వాట్లు చాలు. బ్లూ 0.57 చాలు, అంటే ఓస్రామ్ పీఎల్‌టీబీ 450బీ లాంటి 5.6 మిల్లీమీటర్ల డయోడ్ సగం కూడా కష్టపడదు. రెండో గ్రీన్ డయోడ్, దానికి కరెంట్ ఇచ్చే డ్రైవర్, కిరణాలు కలపడానికో క్యూబ్... ఆ ఖర్చంతా పోసినా కంటికి కనపడే తేడా కొంచెమే.

ఇక అసలు బేరం రెడ్ దగ్గర. 1.43 వాట్లు రెండు దారుల్లో వస్తాయి. మిత్సుబిషి ఎంఎల్ 501పీ73 లాంటివి మూడు, ఒక్కోటి 480 మిల్లీవాట్ల దగ్గర. లేదా ఉషియో హెచ్‌ఎల్ 63283హెచ్‌డీ లాంటి 1.2 వాట్ల 9 మిల్లీమీటర్ల డయోడ్లు రెండు, ఒక్కోటి 715 మిల్లీవాట్ల దగ్గర. మొదటిది విడిగా చవక. కానీ పోలరైజింగ్ క్యూబ్ రెండు కిరణాలనే కలపగలదు, మూడోదాన్ని అంచు అద్దంతో పక్కన చేర్చాలి. మూడు మౌంట్లు (డయోడ్‌ని పట్టి ఉంచే లోహపు దిమ్మలు), మూడు లెన్సులు, మూడు అలైన్‌మెంట్లు (కిరణాలను ఒకే దారిలోకి తేవడం). పైగా 501పీ73 కంటిన్యువస్ (ఆగకుండా వెలిగే) రేటింగ్ 500 మిల్లీవాట్లే. అమ్మేవాళ్ళు చెప్పే 1 వాట్ పల్స్ (ఆగి ఆగి వెలిగే) రేటింగ్. నిలకడగా వెలిగే తెల్లగీత గీసేటప్పుడు ఆ అంకె పనికిరాదు. రెండో దారిలో డయోడ్లు తమ సత్తాలో అరవై శాతం దగ్గర తిరుగుతాయి, వేడి పెరిగినా ఊపిరి పీల్చుకునే చోటుంటుంది. మన ఎండలకు నా ఓటు రెండోదానికే. మూడు చిన్న డయోడ్ల లెక్క చల్లటి ఊళ్ళవాళ్ళకి.

కిరణం సన్నదనం కూడా చూడాలి. వాట్లు పెరిగేకొద్దీ డయోడ్‌లో వెలుగు వచ్చే చీలిక వెడల్పవుతుంది. 40 మైక్రాన్ల చీలిక ముందు 4 మిల్లీమీటర్ల ఫోకల్ దూరమున్న లెన్స్ పెడితే విస్తరణ 10 మిల్లీరేడియన్లు, అంటే 10 మీటర్ల దూరంలో గీత 10 సెంటీమీటర్ల పట్టీ. 15 మైక్రాన్ల బ్లూ డయోడ్‌కి అదే లెన్స్‌తో 4 మిల్లీరేడియన్ల లోపే. అందుకే రెడ్ ముందు కిరణాన్ని ఒక వైపే వెడల్పు చేసి విస్తరణ తగ్గించే సిలిండర్ లెన్స్ జత తప్పదు. నాలుగు రెట్ల జత పెడితే 10 కాస్తా 2.5 అవుతుంది, ఆ వైపు 0.7 మిల్లీమీటర్ల కిరణం 2.8 అవుతుంది. రెండో వైపు వెడల్పు ఎలాగూ 2.9 దగ్గరే ఉంటుంది కాబట్టి చుక్క దాదాపు చతురస్రంగా వచ్చి, గాల్వో అద్దం మీద పొర్లకుండా పడుతుంది. ఆరు రెట్ల జత ఇంకా సన్నగా ఇస్తుందనుకుని చిన్న అద్దాలున్న 30కే (సెకనుకి 30 వేల చుక్కలు) గాల్వోల మీద వేస్తే అంచులు కోసుకుపోతాయి, కొన్న వాట్లు పెట్టె లోపలే పోతాయి. ఎన్‌యూబీఎం 44 లాంటి 6, 7 వాట్ల బ్లూ డయోడ్లు చెక్క కాల్చడానికి బాగుంటాయి. షో ప్రొజెక్టర్‌కి వాటి కిరణం మరీ మొద్దు.

చల్లదనం సంగతి. పెల్టియర్ (కరెంట్‌తో ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక) పెట్టి రెడ్‌ని 20 డిగ్రీలకు దించమని విదేశీ సలహాలు చెబుతాయి. కృష్ణ ఒడ్డున అది ప్రమాదం. వానాకాలం రాత్రి 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు (గాలిలో తేమ నీళ్ళుగా మారే వేడి) 26 డిగ్రీలు దాటుతుంది. 20 డిగ్రీల ప్లేట్ మీద, డయోడ్ కిటికీ మీద, లెన్స్ మీద నీళ్ళు పడతాయి. ఆరిపోయాక మరక మిగులుతుంది, ఆ మరక మీద కిరణం పడి కాలుతుంది. సెట్‌పాయింట్ (ప్లేట్‌ని పట్టి ఉంచే వేడి) 28 నుంచి 30 మధ్య ఉంచితే చాలు. 45 డిగ్రీలతో పోలిస్తే 15 డిగ్రీల లాభం, తడి ఉండదు. ఎంత దించాలో తేమని బట్టి లెక్కేసుకోవాలి తప్ప, పెల్టియర్‌కి ఉన్న బలాన్ని బట్టి కాదు.

ఆ పెల్టియర్ మీద రెడ్‌ని ఒక్కదాన్నే కూర్చోబెట్టాలి. రెండు రెడ్‌లు కలిపి 3 వాట్ల చుట్టుపక్కల వేడి ఇస్తాయి. గ్రీన్ ఒక్కటే అయిదారు వాట్లు ఇస్తుంది, దానికి చల్లదనం అంత అవసరమూ లేదు. మూడింటినీ ఒకే చల్లటి ప్లేట్ మీద పెడితే పెల్టియర్ ఎక్కువభాగం గ్రీన్ వేడిని మోస్తూ, తన వేడిని కూడా హీట్‌సింక్ మీద కుమ్మరిస్తుంది. 42 డిగ్రీల గాలిలో ఆ హీట్‌సింక్ ఇక చల్లబడదు, చల్లటి వైపు కూడా నెమ్మదిగా పైకి పాకుతుంది. గ్రీన్, బ్లూలను నేరుగా మందపాటి అల్యూమినియం బేస్‌కి బిగించి, రెడ్ ప్లేట్‌ని నైలాన్ స్క్రూలతో విడిగా పట్టించండి. ఇనప స్క్రూ వేస్తే అదే వేడిని వెనక్కి తెస్తుంది. అలైన్‌మెంట్ మాత్రం పెల్టియర్ నడుస్తూ, ప్లేట్ సెట్‌పాయింట్‌కి వచ్చి పావుగంట స్థిరపడ్డాకే చేయాలి. స్థిరపడక ముందు చేసిన అలైన్‌మెంట్ తర్వాత జరిగిపోయి రెడ్ అంచులు చూపిస్తుంది.

మౌంట్లు ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళ చేత చేయించుకోవచ్చు. ఇత్తడి త్వరగా తెగుతుందని దాన్నే సూచిస్తారు. ఇత్తడి వేడిని రాగిలో మూడో వంతు కూడా మోయదు, రెడ్‌కి రాగి అడగండి. డయోడ్ గుంతకి కొలత కాగితం మీద రాసిచ్చి, పాడైన డయోడ్ ఒకటి నమూనాగా ఇవ్వడం మంచిది. వదులుగా ఉండి పేస్ట్‌తో నింపిన గుంత ఎండాకాలం వచ్చేసరికి తన పనితనం బయటపెడుతుంది.

అలీఎక్స్‌ప్రెస్ 2020లో మన దేశంలో ఆగిపోయాక డయోడ్లు వేరే దారుల్లో వస్తున్నాయి, వాటిలో పాత ప్రొజెక్టర్ల నుంచి పీకినవీ ఉంటాయి. పీకినవన్నీ చెడ్డవని కాదు. కాళ్ళు పొట్టిగా కత్తిరించి, సోల్డర్ మరకతో ఉంటే కొత్తదాని ధర ఇవ్వకండి, అంతే. పది డయోడ్లకి ఆర్డర్ పెట్టే ముందు ఒకటి తెప్పించి రెండు ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షించండి. పెల్టియర్‌తో కేస్‌ని ముందు 25 దగ్గర పట్టి, కరెంట్ 50 మిల్లీఆంప్‌ల చొప్పున పెంచుతూ కిరణం వాట్లు కొలిచే థర్మల్ పవర్ మీటర్ రీడింగ్ రాసుకోవాలి. లేజింగ్ మొదలయ్యాక గీత తిన్నగా వెళ్ళి, ఒకచోట వంగడం మొదలవుతుంది. ఆ వంపు రాగానే ఆపాలి. మళ్ళీ 40 దగ్గర అదే వరస. రెండు గీతల మధ్య ఎడం ఎంత ఉందో అదే ఆ డయోడ్ ఎండాకాలపు అసలు ధర. 40 దగ్గర వంపు వచ్చే కరెంట్‌లో 80 శాతానికి మించి డ్రైవర్‌ని సెట్ చేయవద్దు.

డయోడ్లు ఎక్కువగా చచ్చేది షోలో కాదు, టేబుల్ మీద. డ్రైవర్ ఆన్‌లో ఉండగా డయోడ్ తగిలిస్తే, అవుట్‌పుట్ కెపాసిటర్‌లో నిండి ఉన్నదంతా ఒక్కసారిగా దూకి, వెలుగు వచ్చే అంచుని కాల్చేస్తుంది. అలా చచ్చిన డయోడ్ పూర్తిగా ఆరిపోదు, మామూలు ఎల్‌ఈడీలా మసకగా వెలుగుతుంది. లేజింగ్ మొదలయ్యే మెట్టు ఉండదు. మోసపోయి లెన్స్ తుడుస్తూ కూర్చోవద్దు. డ్రైవర్‌ని ముందు డమ్మీ లోడ్ (లేజర్ డయోడ్ బదులు పెట్టే ఉత్తుత్తి లోడ్) మీద సెట్ చేయాలి. రెడ్‌కి 1ఎన్5408 మామూలు రెక్టిఫైయర్ డయోడ్లు మూడు, గ్రీన్‌కి, బ్లూకి ఆరు వరసగా కలిపి, దాంతో 0.1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వేయండి. రెసిస్టర్ మీద 100 మిల్లీవోల్టులు కనపడితే 1 ఆంప్ పోతున్నట్టు. సెట్ చేశాక పవర్ తీసి, కెపాసిటర్ కాళ్ళు రెసిస్టర్‌తో ఖాళీ చేసి, అప్పుడు అసలు డయోడ్ సోల్డర్ చేయాలి. కేస్ ఏ కాలికి కలిసి ఉందో డయోడ్‌ని బట్టి మారుతుంది. రెండు రెడ్‌లని ఒకే ప్లేట్ మీద వేసే ముందు డేటాషీట్ చూడకపోతే డ్రైవర్లు ప్లేట్ ద్వారా కలిసిపోతాయి.

కల్యాణమండపాల్లో కరెంట్ పోయి జనరేటర్ ఎక్కే క్షణం ఇంకో గండం. డయోడ్ డ్రైవర్లకు చౌక అడాప్టర్ కాకుండా మంచి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పెట్టి, వోల్టేజ్ స్థిరపడ్డాక రెండు మూడు సెకన్లు ఆగి డయోడ్లు ఆన్ అయ్యేలా ఒక టైమర్ రిలే వేయండి. కంప్యూటర్ వైపు నుంచి ప్రొజెక్టర్‌కి వచ్చే ఐఎల్‌డీఏ కేబుల్‌లో 4, 17 పిన్నులు ఇంటర్‌లాక్‌వి (తెగితే వెలుగు ఆగిపోయే భద్రతా దారి). వాటిని పెట్టె లోపలే షార్ట్ చేసేయకుండా ఎమర్జెన్సీ స్విచ్‌కి లాగాలి.

కళ్ళద్దాల విషయంలో ఒక మాట. బ్లూ, గ్రీన్‌లను ఆపే నారింజ రంగు అద్దాలు రెడ్‌ని దాదాపు ఆపవు. రెడ్ పనికి వేరే జత కావాలి, మీద తరంగదైర్ఘ్యం, ఓడీ (వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే) అంకె రెండూ అచ్చువేసి ఉండాలి. అలైన్‌మెంట్ అయితే లేజింగ్ అంచున, కొన్ని మిల్లీవాట్ల దగ్గరే చేయండి. 2.5 వాట్ల కిరణం 2 మిల్లీరేడియన్ల విస్తరణతో కదలకుండా నిలబడితే, పావు సెకను చూపుకి సురక్షితమయ్యే దూరం దాదాపు 180 మీటర్లు. మన మండపం ఏదీ అంత పొడవుండదు. అందుకే కిరణాలు జనం నిలబడే నేలకి కనీసం 3 మీటర్ల పైన తిరగాలి, గాల్వో ఆగిపోతే వెలుగు ఆరిపోయే స్కాన్‌ఫెయిల్ బోర్డు ఉండాలి. మేడ మీద పెట్టినప్పుడు ఆకాశంలోకి వదలకుండా, ఎదురుగా గోడో తెరో ఉన్న వైపే తిప్పండి. గన్నవరానికి దిగే విమానాలు ఈ చుట్టుపక్కల ఆకాశంలోనే తిరుగుతుంటాయి.