మధ్యగతాన్ని కిందినుంచీ, పైనుంచీ లెక్కించి చూశాను

మధ్యగతం అంటే మార్కులను క్రమంలో పేరిస్తే సరిగ్గా సగం దగ్గర నిలిచే విలువ. లెక్క కోసం 50 మంది విద్యార్థుల మార్కులను తరగతులుగా విడగొట్టి ఇలా తీసుకున్నాను: 11-20లో 4, 21-30లో 8, 31-40లో 14, 41-50లో 15, 51-60లో 6, 61-70లో 3.

పట్టికలో ముందు పట్టుకోవాల్సింది తరగతుల మధ్య ఖాళీ. 20తో ఒకటి ముగిస్తే 21తో తర్వాతది మొదలవుతోంది. అంటే ఇవి అవధులే (పట్టికలో రాసిన అంచులు), హద్దులు (ఖాళీ లేకుండా కలిసే అసలు అంచులు) కావు. ఖాళీ 1 కాబట్టి అందులో సగం, 0.5ను దిగువ అవధిలోంచి తీసేసి ఎగువ అవధికి కలిపాను. 10.5-20.5, 20.5-30.5, 30.5-40.5... ఇప్పుడు తరగతి పొడవు 10. 20లోంచి 11 తీసేసి 9 అని వేస్తే చివరి జవాబు దాదాపు ఒక మార్కు తగ్గిపోతుంది.

ఒక్కో తరగతిలో ఉన్నవారి సంఖ్యే పౌనఃపున్యం. వాటిని కిందినుంచి కలుపుకుంటూ పోతే వచ్చే ఆరోహణ సంచిత పౌనఃపున్యాలు 4, 12, 26, 41, 47, 50. చివరిది మొత్తంతో సరిపోయింది. 50లో సగం 25. 25ను మొదట దాటిన సంచితం 26, కనుక మధ్యగత తరగతి 30.5-40.5. పౌనఃపున్యం 15 ఉన్న తరగతి మీదికి కన్ను పోతుంది కానీ, అది బాహుళకానికి (అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే విలువకు) పనికొచ్చేది, దీనికి కాదు.

ఈ తరగతికి ముందు 12 మంది ఉన్నారు. 25వ స్థానం చేరాలంటే ఇంకా 13 కావాలి, తరగతిలో ఉన్నది 14. ఆ 14 మందీ తరగతి పొడవునా సమంగా పరుచుకున్నారని అనుకుంటేనే సూత్రం నిలుస్తుంది. 13ను 14తో భాగించి 10తో గుణిస్తే 9.29. దీన్ని 30.5కు కలిపితే మధ్యగతం 39.79.

ఎక్కువమంది జారేది ఇక్కడే: 25లోంచి 12కు బదులు 26 తీసేస్తారు. అప్పుడు 29.79 వస్తుంది. అది తరగతి దిగువ హద్దు కన్నా కిందికి పోయింది కాబట్టి తప్పని వెంటనే తెలిసిపోతుంది. దిగువ హద్దుగా 31 వేస్తే మాత్రం 40.29, అదీ తరగతిలోనే ఉంది కనుక ఆ తప్పు దొరకదు.

అందుకే పైనుంచి కూడా లెక్కించాను. 40.5కు పైన 15, 6, 3 కలిపి 24 మంది. 25కు ఒక్కరు తక్కువ. 1ని 14తో భాగించి 10తో గుణిస్తే 0.71, 40.5లోంచి తీసేస్తే మళ్లీ 39.79. పొడవు 10గానే ఉంచి, దిగువ హద్దు 31 అనీ, ఎగువ హద్దు 40 అనీ వేసి ఉంటే రెండు జవాబులూ కలిసేవి కావు.

తరగతులు లేని విడి రాశులకు చేసినట్టు మొత్తం 50కి ఒకటి కలిపి సగం చేయకూడదా అన్న సందేహానికీ ఇదే జవాబు. 25.5తో చేస్తే కిందినుంచి 40.14, పైనుంచి 39.43 వస్తాయి. 25తో అయితే రెండూ ఒకచోటే కలుస్తాయి. గ్రాఫులో ఆరోహణ, అవరోహణ ఓజివ్ వక్రాలు (కిందినుంచి, పైనుంచి కలుపుకుంటూ వచ్చిన సంచితాలతో గీసినవి) ఖండించుకునేదీ సరిగ్గా 25 ఎత్తులోనే. ఆ బిందువు నుంచి అడ్డగీతకు లంబం దించితే 39.79 దగ్గర తగులుతుంది.