పన్నే కదమ్మా, ప్రాణమా?

ఆ మాట అన్నది మా డాక్టరు. మాది పర్లాకిమిడి, రోజూ ఒకరి మొహం ఒకరం చూసుకునే ఊరు, ఆయన పేరు రాయను. కింది దవడ పన్నులో పుచ్చు లోతుగా ఉంది. తొలిచి, నీలం జెల్ రాసి కడిగి, ఏదో జిగురు పూసి, లైటు వేసి, తెల్లగా పూడ్చేశాడు. జివ్వుమంటోందండీ అన్నందుకు ఆ జవాబు.

ప్రాణమో కాదో మూడో రాత్రి తెలిసింది. తల దిండుకి ఆనితే చాలు, గుండెకాయ వచ్చి ఆ పంట్లో కూర్చుని కొట్టుకుంటున్నట్టుంది. ఫ్రిజ్ నీళ్లు పుక్కిట పడితే చల్లగా ఉన్నంతసేపే ఊరట. రెండు సీసాలు అయిపోయాయి. మా ఆయన "పొద్దున్న చూద్దాంలే" అని అటు తిరిగి పడుకున్నారు. అత్తగారే లేచి, లవంగం నూనె దూదికి అద్ది పెట్టి, తెల్లారేదాకా నా పక్కన కూర్చున్నారు. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి చీర మొక్కుకున్నాను.

తెల్లారగానే శ్రీకాకుళం బస్సెక్కాం. అక్కడి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. పన్ను లోపలి పొర నిండా కంటికి కనిపించని గొట్టాలట. ఆ నీలం జెల్ ఫాస్ఫారిక్ ఆమ్లం, వాటి మూతులు తెరుస్తుంది. జిగురు అందులోకి దిగి పట్టుకుంటుంది. లైటుకి అంతా గట్టిపడదు. మిగిలిన హేమా లాంటి రసాయనాలు కిందికి ఊరతాయి. నరం పైన ఆ పొర మందంగా ఉంటే ఫరవాలేదు. అర మిల్లీమీటరు కూడా లేకపోతే నరం దాకా పోతాయి. అందుకే లోతు పుచ్చయితే ముందు కాల్షియం మందో, ఎమ్‌టీఏ అనే పంటి సిమెంటో పరుస్తారు. మీరూ కుర్చీ ఎక్కేముందు అడగండి, సిగ్గుపడకండి.

"జిగురే చేసిందని చెప్పలేను, పుచ్చులోని క్రిములైనా కావచ్చు" అందావిడ. నాకు కోపమొచ్చింది, ఒకరి మీద వేసెయ్యాలని ఉంది మరి. లవంగం నూనె తగిలితే ఈ జిగురు సరిగ్గా గట్టిపడదని కూడా చెప్పింది. అది అత్తగారికి చెప్పలేదు.

వాచిన నరం పైభాగమే తీసి, ఎమ్‌టీఏ పెట్టి మూసింది. నిలవకపోతే రూట్ కెనాలే అంది. ఆ రాత్రి నిద్రపోయాను.

ఆరు నెలలకి చల్లటి దూది ఆనించి చూసింది. జివ్వుమంది, తీయగానే పోయింది. "బతికే ఉంది" అందావిడ.

చీర ఇంకా పెట్టలేదు. శుక్రవారం తీసుకెళ్తానన్నారు మా ఆయన. పొద్దున్న చూద్దాంలే అన్నాను.