పంటు ఆలస్యమైతే నాకెందుకు ఏడుపు

నాకు ఆరేళ్లప్పుడు అమ్మ కువైట్ వెళ్లింది. రాజోలు వైపు ఇదేం వింత కాదు, మా వీధిలోనే అలా వెళ్లిన అమ్మలు నలుగురు. అమ్మమ్మ దగ్గర తిండికీ ముద్దుకీ లోటు లేదు గానీ, నెలకోసారి పక్కింటికొచ్చే ఫోన్ కోసం పొద్దుటి నుంచీ వాళ్ల అరుగు మీదే కూర్చునేదాన్ని. కొన్ని నెలలు అది వచ్చేదే కాదు.

ఇప్పుడు మా ఆయన ఉద్యోగం నరసాపురంలో, ఇల్లు సఖినేటిపల్లిలో. మధ్యలో గోదావరి, మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు ఎక్కి రావాలి. సాయంత్రం రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే పంటు ఆలస్యమైందేమో అని ముందు తోచదు నాకు, నేనంటే విసుగొచ్చిందనే తోస్తుంది. ఇంటికి రాగానే "నా మీద కోపమాండీ?" అంటాను, లేదంటారు, పది నిమిషాలకి మళ్లీ అడుగుతాను. మొదట్లో ఓపిగ్గా చెప్పేవారు, తర్వాత్తర్వాత మాట్లాడకుండా డాబా ఎక్కేసేవారు. ఆయన పైన, నేను కింద. అలా కొన్ని నెలలు గడిచాక పొద్దున్నే మంచం దిగబుద్ధి కాలేదు, తల దువ్వుకోవడం కూడా బరువైపోయింది. డాక్టరు డిప్రెషన్ అన్నారు.

కౌన్సెలింగ్‌లో తెలిసిందేంటంటే, పసిపిల్లలు తల్లిని అంటిపెట్టుకునే తీరు గురించి బౌల్బీ అనే మానసిక వైద్యుడు చెప్పినదాన్ని హేజన్, షేవర్ అనే ఇద్దరు 1987లో పెద్దవాళ్ల ప్రేమలకీ వర్తింపజేశారట. వదిలేస్తారేమోనని భయపడే నాలాంటివాళ్లు ఒక రకం, ఎవరి మీదా ఆధారపడకూడదని దూరం జరిగే మా ఆయనలాంటివాళ్లు ఇంకో రకం. డిప్రెషన్‌తో ఎక్కువ ముడిపడేది మొదటి రకమే. నాకు బాగా గుచ్చుకున్నది మాత్రం 1976లో కోయిన్ అనే ఆయన చెప్పిన మాట: దిగులులో ఉన్న మనిషి భరోసా కోసం అడిగిందే అడుగుతుంటే ఎదుటివాళ్లు విసిగి పక్కకి తప్పుకుంటారు, దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది. మా డాబా మెట్లు ఎక్కడ చూశాడో మరి!

అలాగని నెపమంతా అమ్మ మీదకి తోసేస్తే ఒప్పుకోను. ఆ డాబా ఇల్లు ఆవిడ రెక్కల కష్టం. చిన్నప్పుడు తల్లి దూరమైన వాళ్లందరూ ఇలా అయిపోరు, పైగా డిప్రెషన్ వచ్చాక కూడా మనిషి ఇలా వేలాడ్డం ఎక్కువవుతుంది, ఏది ముందో విడదీయడం కష్టం.

ఇప్పుడు ఆయన రేవులో బండి ఆపగానే 'పంటు ఎక్కుతున్నా' అని ఒక్క మెసేజ్ పెడుతున్నారు. నేను రెండోసారి అడగబోయి ఆగుతున్నాను, రోజూ కాదులెండి.

మొన్న అమ్మని అడిగాను, ఫోన్ రాని నెలల్లో ఏమైందని. కువైట్‌లో తను పనిచేసిన ఇంటివాళ్లు ఫోన్ ముట్టుకోనిచ్చేవారు కాదంట. ఇన్నేళ్లూ నేను అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు.